ఒక్క మార్కు బిట్టులో ఇరుక్కున్న రమేశ్ చంద్ర దత్: సిలబస్ పెద్దలకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల్లో చరిత్ర, అర్థశాస్త్రం పాఠ్యపుస్తకాలు రాసే, దిద్దే, ఖరారు చేసే పెద్దలందరికీ నమస్కారం.

నేను రాయలసీమలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్తాను. మా పిల్లల్లో సగం మంది గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నవాళ్లే. రమేశ్ చంద్ర దత్ ఎవరు అని అడిగితే టక్కున చెప్తారు: భారతదేశ ఆర్థిక చరిత్ర రాసినాయన, 1899 లక్నో కాంగ్రెస్ అధ్యక్షుడు, నౌరోజీతో పాటు సంపద తరలింపు (దేశం సొమ్ము ఇంగ్లండ్‌కు తరలిపోవడం) గురించి మాట్లాడినాయన. మూడు బిట్లు, మూడు మార్కులు. ఆ తర్వాత ఇంకొక్క మాట అడిగితే క్లాసంతా నిశ్శబ్దం. తప్పు వాళ్లది కాదు. చదవడానికి మనం ఇచ్చిందే అంత.

ఈ లేఖ ఎందుకంటే, దత్ జీవితంలో ఎక్కువ భాగం సంపద తరలింపు మీద నడవలేదు. భూమి శిస్తు మీద నడిచింది. అందులోనూ ఆయన ఎక్కువగా తవ్విన చోట్లలో మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) ఒకటి. అంటే కోస్తాలోని మన సర్కారు జిల్లాలు, రాయలసీమ వైపు మన దత్త మండలాలు. ఆయన పుస్తకంలో మన తాతముత్తాతల పొలాలు ఉన్నాయి. ఆ పేజీలు వదిలేసి ఆయన పేరొక్కటే పిల్లల చేత బట్టీ పట్టిస్తున్నాం. ఇంకో సంగతి కూడా ఉంది. దత్ మొదట బెంగాల్ చరిత్రకారుడు. దేశాన్నంతా బెంగాల్ కిటికీలోంచే చూశాడు. ఆ కిటికీ ఆయనకు కొన్ని స్పష్టంగా చూపించింది, కొన్ని దాచేసింది. దాచినవాటిలోనూ మనవాళ్లున్నారు. ఆ రెండూ పాఠంలోకి రావాలన్నదే నా మనవి.

ముందు మనిషి గురించి నాలుగు మాటలు. మన పుస్తకాల్లో నాయకులు పుట్టగానే కాంగ్రెస్ అధ్యక్షులైపోతారు కాబట్టి ఇది చెప్పక తప్పదు.

1848 ఆగస్టు 13న కలకత్తాలో, రామ్‌బగాన్ దత్తుల ఇంట పుట్టాడు. ఇంగ్లీషులో కవిత్వం రాసి చిన్న వయసులోనే పోయిన తోరు దత్ ఈ కుటుంబపు ఆడపడుచే. తండ్రి డిప్యూటీ కలెక్టరు. 1861లో తూర్పు బెంగాల్‌లో పడవ ప్రమాదంలో పోయాడు. అప్పటికే తల్లి లేదు. పినతండ్రి శశిచంద్ర దత్ పెంచాడు. 1868 మార్చిలో, ఇరవయ్యేళ్లు కూడా నిండకుండానే, ఇంట్లో చెప్పకుండా ఓడెక్కేశాడు. తోడు వెళ్లినవాళ్లు సురేంద్రనాథ్ బెనర్జీ, బిహారీలాల్ గుప్తా. ఐ.సి.ఎస్. పరీక్ష లండన్‌లోనే జరిగేది. సముద్రం దాటితే కులం పోతుందని ఇంట్లోవాళ్లు గొడవ చేసే రోజులు. పాసవకపోతే మొహం ఎత్తుకుని తిరిగి రాలేని పరిస్థితి. 1869లో పరీక్ష రాసి మూడో ర్యాంకు తెచ్చుకున్నాడు. ముగ్గురూ పాసయ్యారు. సురేంద్రనాథ్‌ను కొన్నేళ్లకే ఉద్యోగంలోంచి తీసేశారు, ఆయన రాజకీయాల్లోకి పోయాడు. దత్ ఉద్యోగంలోనే నిలిచి, 1871 నుంచి 1897 వరకు ఇరవై ఆరేళ్లు సర్కారు కొలువు చేశాడు.

ఈ కొలువు సంగతి పిల్లలకు తప్పకుండా చెప్పాలి. చరిత్రకారుడిగా దత్ తయారైంది లైబ్రరీలో కాదు, బెంగాల్ మొఫసిల్‌లో. 1873లో పాబ్నా రైతులు జమీందార్ల మీద తిరగబడ్డ కాలానికి ఆయన కుర్ర అధికారి. 1874లో నదియా జిల్లాలో కరువు పనులు చూశాడు. 1876 అక్టోబరు చివర వచ్చిన పెనుతుఫాను మేఘనా నది ముఖద్వారం దగ్గరి దీవులను ఊడ్చేశాక, దక్షిణ షాబాజ్‌పూర్‌కు సహాయక పనులకు పంపింది ఈయన్నే. 1883లో బాకర్‌గంజ్‌లో ఒక జిల్లా పాలన మొత్తం చేతికొచ్చిన తొలి భారతీయుడయ్యాడు. 1894లో బర్ద్వాన్ డివిజన్‌కు కమిషనర్ అయ్యాడు. ఆ పదవి అప్పటిదాకా ఏ భారతీయుడికీ దక్కలేదు. ఆ పైన ఇంకెక్కడానికి మెట్లు లేవు. నలభై తొమ్మిదేళ్లకే రిటైరయ్యాడు.

ఇంత ఉద్యోగం చేస్తూనే 1874లో బెంగాల్ రైతుల మీద పుస్తకం రాశాడు. పాతికేళ్ల పైచిలుకు వయసులో, సర్కారు జీతం తింటూ, జమీందార్లను గట్టిగానే దులిపాడు. 1793లో కార్న్‌వాలిస్ జమీందార్లకూ ప్రభుత్వానికీ మధ్య శిస్తు శాశ్వతంగా ఖాయం చేశాడు కదా, జమీందారుకూ రైతుకూ మధ్య కూడా అలాగే ఖాయం చేయండి అన్నది అందులో ఆయన వాదం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

బంకించంద్రుడు ఈయన్ని బెంగాలీలో రాయమని పట్టుబట్టాడట. నాకు బెంగాలీలో రాసే శైలి తెలీదు అంటే, నీలాంటి చదువుకున్నవాళ్లు ఏది రాస్తే అదే శైలి అవుతుంది అన్నాడట. ఫలితం నాలుగు చారిత్రక నవలలు, తర్వాత రెండు సాంఘిక నవలలు. ఋగ్వేదాన్ని బెంగాలీలోకి అనువదిస్తే, బ్రాహ్మణుడు కానివాడు వేదం ముట్టుకోవడమేమిటని పండితులు ఎగిరిపడ్డారు. విద్యాసాగరుడు వెనక నిలబడ్డాడు. 1894లో వంగీయ సాహిత్య పరిషత్తుకు మొదటి అధ్యక్షుడు కూడా దత్తే. బెంగాలీలకు ఆయన మొదట ఈ రూపంలోనే తెలుసు. మనకు ఈ భాగం నాలుగు వాక్యాల్లో చెప్తే చాలు.

అసలు కథ 1897 తర్వాత. ఇంగ్లండ్ వెళ్లి యూనివర్సిటీ కాలేజీలో భారత చరిత్ర చెప్తూ ఉండగా ఇక్కడ కరువు మీద కరువు. 1896–97లో ఒకటి, 1899–1900లో ఇంకొకటి. ఎందుకిలా జరుగుతోంది అంటే, వానలు లేక అన్నది ప్రభుత్వం జవాబు. జనం ఎక్కువై అని ఇంకొందరు. దత్ అడిగింది వేరే ప్రశ్న. వాన ఒక ఏడాది ఎగ్గొడితే రైతు ఎందుకు చచ్చిపోవాలి? ముందేళ్ల పంటలో నాలుగు గింజలు ఎందుకు మిగలలేదు? ఆ మిగులు ఎక్కడికి పోయింది? జవాబు వెతుక్కుంటూ శిస్తు లెక్కల్లోకి దిగాడు. 1900లో వైస్రాయ్ కర్జన్‌కు వరసగా బహిరంగ లేఖలు రాశాడు. ఒక్కో రాజధాని, ఒక్కో రాష్ట్రం తీసుకుని అక్కడి శిస్తు పద్ధతి ఏమిటో, రైతుకు ఏం మిగులుతోందో విప్పి చూపించాడు. వాటిలో మద్రాసూ ఉంది. అధికారంలో ఉన్నవాళ్లకు బహిరంగ లేఖ రాయడం అంటే తిట్టడం అనుకునేవాళ్లు ఒకసారి ఆ లేఖలు చదవాలి. ఎక్కడా గొంతు పెంచడు. ప్రభుత్వం అచ్చేసిన నివేదికల్లోని అంకెలే తీసి ప్రభుత్వం ముందు పెడతాడు.

ఇప్పుడు మన నేల సంగతి.

రాయలసీమలో మన్రో పేరు తెలియనివాళ్లు లేరు. మా వైపు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేవాళ్లని పెద్దలు చెప్తారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు కనిపించారన్న కథ అందరికీ తెలుసు. 1827లో పత్తికొండలో కలరాతో పోయాడనీ తెలుసు. కానీ 1807లో ఆయన ఏం రాశాడో ఎంతమందికి తెలుసు? దత్త మండలాలు 1800లో కంపెనీ చేతికొచ్చాయి. వాటికి మన్రో కలెక్టరై, ఊరూరా పొలాలు కొలిపించి శిస్తు కట్టాడు. ఏడేళ్లు వసూలు చేశాక పైవాళ్లకు రాసింది ఇది: మనం తీసుకుంటున్నది పంటలో దాదాపు 45 శాతం, ఇది రైతు మోయలేడు, నాలుగో వంతు తగ్గించండి, సొంత ఖర్చుతో బావి తవ్వుకుని, చెరువు బాగుచేసుకుని తడుపుకునే పొలాలకు ఇంకా తగ్గించండి. పంటలో మూడో వంతుకు దించితేనే భూమికి విలువ వస్తుందని ఆయన వాదన. మద్రాసులో ఒప్పుకోలేదు. కంపెనీకి డబ్బు కావాలి. ఆ తర్వాత ఊళ్లను మూడేళ్లకు, పదేళ్లకు గుత్తకిచ్చి చూశారు. 1820లో మన్రో గవర్నరై తిరిగొచ్చాక గానీ రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైత్వారీ పద్ధతి మళ్లీ నిలదొక్కుకోలేదు.

దత్ తన ఆర్థిక చరిత్ర 1902 సంపుటంలో ఇదంతా పూసగుచ్చినట్టు చెప్తాడు. ఆయనకు మన్రో అంటే గౌరవం. 1813లో పార్లమెంటు ముందు మన్రో ఇచ్చిన సాక్ష్యాన్ని కూడా ఎత్తి రాశాడు. ఏడేళ్లుగా వాడుతున్న ఇక్కడి శాలువా గురించి చెప్తూ, ఐరోపాలో నేసిన శాలువా ఊరికే ఇచ్చినా వాడను అన్నాడు ఆ కలెక్టరు. మాంచెస్టర్ సరుకు మన మార్కెట్లోకి రాబోతున్న కాలంలో ఈ మాట అనడం చిన్న విషయమా? క్లాసులో ఇది చెప్తే నిద్రపోతున్నవాడు కూడా లేచి కూర్చుంటాడు.

మన్రో మంచివాడే కావచ్చు, ఆయన పోయాక మిగిలింది యంత్రాంగం. అది ఎలా పనిచేసిందో 1855 నాటి మద్రాసు చిత్రహింసల విచారణ నివేదిక చెప్తుంది. అంతకుముందు ఏడాది బ్రిటిష్ పార్లమెంటులో గొడవైతే, కాదనలేక వేసిన కమిషన్ అది. శిస్తు బకాయి పడ్డ రైతు వేళ్లను రెండు కర్రల మధ్య పెట్టి, ఒక కొస కట్టేసి, రెండో కొస నొక్కుతూ పోవడం ఒక పద్ధతి. మనిషిని నడుము దగ్గరికి వంచి, మెడ చుట్టూ తాడు వేసి, దాన్నే కాలి బొటనవేళ్లకు కట్టి ఎండలో నిలబెట్టడం ఇంకొకటి. కొన్నిసార్లు ఆ వంగిన వీపు మీద ఒక రాయి. కట్టేవాడూ, నొక్కేవాడూ తెల్లవాడు కాదు. మన తాలూకా కచేరీ బంట్రోతే. పాఠ్యపుస్తకంలో ఇది పెట్టడానికి ఇబ్బంది అనిపిస్తే ఆ ఇబ్బంది దేని గురించో కొంచెం ఆలోచించండి.

ఆ తర్వాత కొత్త సర్వేలు, కొత్త సెటిల్‌మెంట్లు (ఏ పొలానికి ఎంత శిస్తో ఖాయం చేయడం) వచ్చాయి. 1864లో లండన్ నుంచి నియమం వచ్చింది: నికర దిగుబడిలో సగం మించి శిస్తు ఉండకూడదు. వినడానికి న్యాయంగానే ఉంది. చిక్కంతా ఆ 'నికర' అన్నదాన్ని లెక్కగట్టే దగ్గర. ఎకరానికి సగటున ఎంత పండుతుందో అంచనా వేస్తారు. దాన్ని ఒక ధర పెట్టి రూపాయల్లోకి మారుస్తారు. అందులోంచి సాగు ఖర్చు తీసేస్తారు. మిగిలినదాంట్లో సగం సర్కారుది. నేను బోర్డు మీద వేసే ఉదాహరణ ఒకటి చెప్తాను, అంకెలు ఊరికే అనుకున్నవి. పంట విలువ 100 రూపాయలు. సెటిల్‌మెంట్ ఆఫీసరు సాగు ఖర్చు 40 అని రాశాడు. నికరం 60, శిస్తు 30. కానీ ఎద్దులు, విత్తనం, ఎరువు, కూలీ అంతా కలిపి రైతుకు నిజంగా అయింది 65. అంటే చేతిలో మిగిలింది 35. అందులోంచి 30 పోతే? కాగితం మీద సగం, పొలంలో దాదాపు అంతా. బోర్డు మీద ఈ లెక్క వేసిన రోజు ఒకమ్మాయి లేచి, "సార్, మా నాన్న కౌలు కూడా ఇంతే" అంది. నేనేం చెప్పలేదు, పాఠం ముందుకు నడిపాను.

దత్ పట్టుకున్నది సరిగ్గా ఈ చిక్కునే. 1900 డిసెంబరులో ఆయనా, కొందరు రిటైరైన అధికారులూ కలిసి లండన్‌లో భారత వ్యవహారాలు చూసే బ్రిటిష్ మంత్రికి విజ్ఞాపన ఇచ్చారు. సంతకాలు పెట్టినవాళ్లలో మద్రాసులో పెద్ద పదవులు చేసిన తెల్లవాళ్లు ఉన్నారు. శిస్తు సెటిల్‌మెంట్ శాఖను నడిపినాయనా ఒకడు. వాళ్లు అడిగింది ఇది: రైతు నేరుగా కట్టే చోట శిస్తు నికర దిగుబడిలో సగం మించకూడదు, పైగా మొత్తం పంటలో అయిదో వంతు మామూలుగా దాటకూడదు, సెటిల్‌మెంట్ కనీసం ముప్ఫయ్యేళ్లు ఉండాలి, ధరలు పెరిగితేనో సర్కారు నీళ్లిస్తేనో తప్ప శిస్తు పెంచకూడదు. భూస్వాములు కట్టే చోట, శాశ్వత శిస్తు లేకపోతే, వాళ్లకొచ్చే కౌళ్లలో సగం మించకూడదు. ఆ అయిదో వంతు షరతు ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. సాగు ఖర్చును ఎలాగైనా రాసుకోవచ్చు, కళ్లంలో రాశి పోసిన పంటను అంత తేలిగ్గా అటూ ఇటూ చేయలేరు.

మద్రాసు విషయంలో దత్‌కు ఇంకో కోపం ఉంది. సర్వే, సెటిల్‌మెంట్ పూర్తయిన జిల్లాల్లో ధరలు పెరిగితే తప్ప శిస్తు పెంచొద్దని వైస్రాయ్ రిపన్ 1882లో ప్రతిపాదించాడు, మద్రాసు ప్రభుత్వం సరేనంది. 1885లో లండన్ దాన్ని కొట్టేసింది. రైతుకు చేతికందిన ముద్ద నోటికందలేదు.

అంకెలు కావాలంటే ఒకటి చెప్తాను. బొంబాయి కౌన్సిల్‌లో పనిచేసిన రోజర్స్ అనే అధికారి ప్రభుత్వ రికార్డుల్లోంచి తీసిన లెక్క ఇది. 1879–80 నుంచి 1889–90 వరకు పదకొండేళ్లలో మద్రాసు రాజధానిలో శిస్తు బకాయిల కింద 8 లక్షల 40 వేల మంది పొలాలు వేలానికొచ్చాయి. భూమి 19 లక్షల 60 వేల ఎకరాల పైచిలుకు. అందులో 11 లక్షల 70 వేల ఎకరాలకు పాట పాడేవాడే లేక సర్కారే తీసుకోవాల్సి వచ్చింది. శిస్తు తేలిగ్గా ఉంటే భూమిని కొనడానికి మనిషి ఎందుకు దొరకడు? ఈ ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర సూటి జవాబు లేదు. పైగా ఇవి 1876–78 నాటి ధాత కరువు అయిపోయిన వెంటనే వచ్చిన ఏళ్లు. ఆ కరువులో అన్ని ప్రాంతాలూ కలిపి 50 లక్షల మందికి పైగా పోయారని ప్రభుత్వం వేసిన కరువు కమిషనే చెప్పింది. అంతకుముందు 1833 నాటి నందన కరువులో అయిదు లక్షల జనం ఉన్న గుంటూరు జిల్లాలో రెండు లక్షల మంది పోయారని దత్ రాశాడు. మన పుస్తకాల్లో కరువు అంటే బెంగాల్ 1770, బెంగాల్ 1943. నందన కరువు, ధాత కరువు మన ఇళ్లల్లో సామెతల్లో బతికాయి గానీ, సిలబస్‌లో ఎందుకు లేవు?

కర్జన్ ఊరుకోలేదు. 1902 జనవరి 16న భూమి శిస్తు విధానం మీద పెద్ద తీర్మానమే విడుదల చేశాడు. ఒక రిటైర్డ్ ఉద్యోగి లేఖలకు వైస్రాయ్ ప్రభుత్వం పుస్తకమంత జవాబు ఇవ్వడం మామూలు విషయం కాదు. అందులో వాదనలు కొట్టిపారేసేవి కూడా కాదు. అయిదో వంతు పరిమితి పెడితే చాలాచోట్ల ఇప్పుడున్న శిస్తు తగ్గకపోగా పెరుగుతుంది అన్నారు. ఇది పరిమితే గానీ రేటు కాదని దత్ జవాబు. శాశ్వత శిస్తు ఉన్న బీహార్‌లో కరువు రాలేదా అన్నారు. ఈ పోటు మాత్రం గట్టిగా తగిలింది. చివరికి పరిమితులేవీ ఒప్పుకోలేదు గానీ, పంట పోయిన ఏడాది వసూళ్లు సడలించాలనీ, పెంచేటప్పుడు ఒకేసారి కాకుండా అంచెలుగా పెంచాలనీ ఒప్పుకున్నారు. నా దృష్టిలో దత్ సగం గెలిచాడు. పరీక్షల్లో 'విజయం సాధించాడా, లేదా' అని అడిగే ప్రశ్నలకు ఇలాంటి జవాబు ఇమడదు. అందుకేనేమో ఈ వాదులాట మన పుస్తకాల్లోకి రాలేదు.

దత్ వాదానికి గట్టి బలం, అసలు బలహీనత రెండూ ఒక్కచోటే ఉన్నాయి. ఆయన కళ్ల ముందున్నది బెంగాల్. బెంగాల్‌లో 1793 తర్వాత సర్కారు శిస్తు పెరగలేదు. మద్రాసులో, బొంబాయిలో ముప్ఫయ్యేళ్లకోసారి పెరిగేది. బెంగాల్ ఎందుకు తట్టుకుంది, మద్రాసు ఎందుకు కుప్పకూలింది? శాశ్వత శిస్తు వల్లే అన్నాడు. దేశమంతా ఆ పద్ధతి కావాలన్నాడు. మరి సర్కారు పెంచకుండా వదిలేసిన ఆ డబ్బు రైతు దగ్గర మిగిలిందా, జమీందారు దగ్గర మిగిలిందా? 1874లో కుర్రవాడిగా ఈ ప్రశ్న అడిగింది ఈయనే. 1885 నాటి బెంగాల్ కౌలుదారీ చట్టం రైతుకు కొంత రక్షణ ఇచ్చిందని, ఇక చిక్కు తీరిపోయినట్టు మాట్లాడాడు. కాంగ్రెస్ అధ్యక్షుడయ్యేసరికి జమీందార్ల గురించి గొంతు బాగా మెత్తబడింది. ఆ రోజుల కాంగ్రెస్‌లో జమీందార్ల పలుకుబడి ఎంతో తెలిసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం లేదు.

ఈ చోట మన సర్కారు జిల్లాల చరిత్ర దత్‌కు ఎదురు నిలుస్తుంది. 1802 రెగ్యులేషన్‌తో ఇక్కడా శాశ్వత శిస్తు పెట్టారు. విజయనగరం, పిఠాపురం లాంటి పాత జమీందారీలకు ఖాయం చేసి, సర్కారు చేతిలో ఉన్న హవేలీ భూముల్ని ముఠాలనే చిన్న ఎస్టేట్లుగా కోసి వేలం వేశారు. కొన్నవాళ్లలో చాలామంది కొన్నాళ్లకే చేతులెత్తేశారు. మిగిలిన జమీందారీల్లో రైతులు ఏం పడ్డారో మనకు వేరే చెప్పాలా? 1908లో మద్రాసు ఎస్టేట్ల చట్టం తెచ్చినా గొడవలు ఆగలేదు. రైతు సంఘాలు పుట్టాయి. 1937లో రెవెన్యూ మంత్రిగా ప్రకాశం గారు జమీందారీ ప్రాంతాల మీద విచారణ కమిటీ నడపాల్సి వచ్చింది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టంతో గానీ కథ ముగియలేదు. శాశ్వత శిస్తు రైతును కాపాడుతుందన్న దత్ మాట నిజమైతే విజయనగరం ఎస్టేటు రైతు కడప పట్టాదారు కంటే సుఖంగా ఉండాలి కదా. ఈ ఒక్క ప్రశ్నతో రెండు గంటల క్లాసు నడపవచ్చు. నేను నడిపాను కూడా. పిల్లలు కొట్టుకున్నంత పని చేశారు.

మహానుభావుడి లోపం చెప్తే పిల్లలు గౌరవించరని మీలో కొందరు అనుకోవచ్చు. దత్‌ను దేవుణ్ని చేసి, దండ వేసి, రెండు లైన్లు రాసేస్తే గౌరవించినట్టా? ఆయన పుస్తకం చదివి ఏడ్చానని గాంధీజీ హింద్ స్వరాజ్‌లో రాసుకున్నాడు. అలా ఏడిపించిన పుస్తకాన్ని మనం జతపరచుము కింద వేసేశాం. ఎడమవైపు దత్, కుడివైపు ఏబీసీడీలు.

ఇంకో రెండు సంగతులు త్వరగా చెప్పేస్తాను. రైల్వేల మీద పెట్టిన సొమ్ముతో పోలిస్తే కాలువల మీద పెట్టింది ఏ పాటి అని 1904 సంపుటంలో నిలదీశాడు. అందుకు సాక్షిగా నిలబెట్టింది మన కాటన్ దొరనే. గోదావరి ఆనకట్ట గురించి పాఠం రాసేవాళ్లు ఆ పేజీలు చూడకుండా ఎలా రాస్తారో నాకు అర్థం కాదు. ఇక రెండోది. రాతల్లో శిస్తు తగ్గించమన్న మనిషి తన చేతికి అధికారం వస్తే ఏం చేశాడన్నది పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న. 1904లో బరోడా సంస్థానంలో శాయాజీరావు గైక్వాడ్ ఈయన్ని రెవెన్యూ మంత్రిగా పెట్టుకున్నాడు. అక్కడ భూమి శిస్తు తగ్గించాడు, చిల్లర పన్నులు చాలా ఎత్తేశాడు. 1909లో దివాను అయ్యాడు. ఆ ఏడాది నవంబరు 30న బరోడాలోనే పోయాడు. చెప్పిన మాట చేసి చూపించే అవకాశం చరిత్రకారులకు అరుదుగా వస్తుంది. ఈయనకొచ్చింది, వాడుకున్నాడు.

ఇక నేను కోరేది. ఆర్థిక చరిత్ర రెండు సంపుటాల్లో మద్రాసు మీద రాసిన అధ్యాయాలను తేలిక తెలుగులో వేయించి ప్రతి డిగ్రీ కాలేజీకి అందేలా చూడండి. ఆయన పోయి నూరేళ్లు దాటింది కాబట్టి కాపీరైట్ టెన్షన్ లేదు. అనువాదం ఒక్కరికి అప్పగించి చేతులు దులుపుకోవద్దు. జమాబందీ, ఫసలీ, మాగాణి, మెట్ట, నీటి తీరువా అన్న మాటలతో పెరిగినవాళ్లు, పాత రెవెన్యూ ఉద్యోగులు ఇంకా ఉన్నారు. వాళ్లను పక్కన కూర్చోబెట్టండి. లేకపోతే 'నికర ఉత్పాదక మూల్య నిర్ధారణ' లాంటి మాటలు పడి మళ్లీ ఎవరూ చదవరు. ఇంటర్ పుస్తకంలో కర్జన్ అంటే బెంగాల్ విభజన ఒక్కటే కాకుండా, 1902 తీర్మానానికి అర పేజీ ఇవ్వండి. దత్ వాదన ఒక పక్క, తీర్మానం వాదన ఒక పక్క అచ్చేసి, తీర్పు పిల్లలకు వదిలేయండి. జిల్లా గెజిటీర్ల నుంచి ఆయా జిల్లాల సెటిల్‌మెంట్ వివరాలు ఒక పేజీ చేర్చితే, కర్నూలు పిల్లలు కర్నూలు లెక్కలు, విశాఖ పిల్లలు విశాఖ లెక్కలు చూసుకుంటారు. ఇదంతా వచ్చే సిలబస్ మార్పు దాకా ఆగాల్సిన పని కాదు. రిఫరెన్స్ మెటీరియల్‌గా ఈ విద్యా సంవత్సరమే ఇవ్వవచ్చు.

ప్రశ్నపత్రం సంగతి కూడా మీ చేతుల్లోనే ఉంది. 'భారతదేశ ఆర్థిక చరిత్ర రచయిత ఎవరు' అన్న బిట్టు తీసేయమని అడగడం లేదు, గ్రూప్స్ వాళ్ల పొట్ట కొట్టినట్టవుతుంది. దాని పక్కన పది మార్కులకు ఒక్క ప్రశ్న చేర్చండి. నేను మా ఇంటర్నల్ పరీక్షకు తయారుచేసుకున్నది ఇది, నచ్చితే వాడుకోండి: 'ఒక రైతు పంట విలువ 100 రూపాయలు. నిజంగా అయిన సాగు ఖర్చు 75. సర్కారు వేసిన శిస్తు 20. 1900 నాటి విజ్ఞాపనలోని ఏ షరతు ఈ రైతును కాపాడుతుంది, ఏది కాపాడదు? అదే రైతు పిఠాపురం జమీందారీలో ఉండి ఉంటే ఆ విజ్ఞాపనలో అతనికి దక్కేదేమిటి?'

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక చరిత్ర అధ్యాపకుడు